ఎల్స్‌కీ ఇఫ్‌కీ మధ్య పావురం

ఫ్లవర్ మామయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడంటే ఇక కథ మొదలైనట్టే. తాగే ఉద్దేశం ఉంటే గ్లాసు చేతిలోనే ఉంటుంది. చెప్పే ఉద్దేశం ఉంటే ఆయనకి రెండు చేతులూ కావాలి, పక్కనున్నవాడి భుజం కూడా కావాలి. అందుకే టీ కొట్టు పిన్ని ఆయన గ్లాసుని ఎప్పుడూ బల్లకి ఆ చివర పెడుతుంది. చెయ్యి తగిలి రెండు గ్లాసులు పగిలాక ఆవిడ నేర్చుకున్న జాగ్రత్త అది.

నిజానికి ఎదురుగా మేడ మీదున్న ఆ వెబ్‌సైట్ల ఆఫీసులో ఆయన ఒక్క అమ్మాయికే మామయ్య. సొంత మేనకోడలు. ఆమె పొద్దస్తమానం మామయ్యా మామయ్యా అంటుంటే విని విని మిగతావాళ్ల నోటికీ అదే పట్టేసింది. ముందు ఫ్లవర్ అని తగిలించింది మాత్రం టెస్టరు. ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పట్టుకోవడమే ఉద్యోగం గనక ఆ టెస్టర్ని వంకలాయన అంటారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఫ్లవర్ బ్రాకెట్లని పిలుచుకునే ఆ వంపు బ్రాకెట్లంటే మామయ్యకి ప్రాణం. ఇంట్లో సామాను జాబితా రాసినా చివర ఒక బ్రాకెట్ మూసి గానీ కాగితం ఇవ్వడని అత్తయ్య నవ్వుతుంది.

ఆ రోజు మాత్రం మేనకోడలికి నవ్వొచ్చే పరిస్థితి లేదు. టీ గొంతు దిగడం లేదు. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఐదింటికి ఆఫీసు నడిపే మేడమ్ అందర్నీ పైకి రమ్మంది.

సంగతేమిటంటే, వాళ్లు ఒక గ్రంథాలయానికి వెబ్‌సైట్ కడుతున్నారు. ఎవరైనా పుస్తకం పేరు కొడితే పేజీ మూడింట్లో ఒక మాట చెప్పాలి. పుస్తకం అరలో ఉంటే ‘తీసుకెళ్లండి’ అనాలి, ఎవరో తీసుకెళ్లి ఉంటే ‘బయట ఉంది’ అనాలి, రెండూ కాకపోతే ‘మా దగ్గర లేదు’ అనాలి. ఇలాంటి ‘ఉంటే’లకి ఇఫ్ అనీ ‘లేకపోతే’లకి ఎల్స్ అనీ రాస్తారు, వాటికి పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ప్రతి షరతునీ ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెట్టడం, అది మామయ్య పద్ధతి. రెండోది, బ్రాకెట్ల గొడవ లేకుండా కోలన్ పెట్టి, చివర ఎండిఫ్ అని రాసి ‘ఈ షరతు ఇక్కడితో అయిపోయిందమ్మా’ అని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం. మేనకోడలు మూడు వారాలు కూర్చుని నలభై పేజీలు ఆ రెండో పద్ధతిలో రాసింది. పేజీలో బొమ్మలూ అక్షరాలూ మధ్యలో కలిసిపోయి ఉన్నచోట ఎక్కడ ఏది ముగిసిందో చూడగానే తెలుస్తుందని ఆమె వాదన.

ఇవాళ పొద్దున గ్రంథాలయం పెద్దావిడ చూడ్డానికి వచ్చింది. చూస్తే ఏముంది, తెల్లటి పేజీ. పైన ఒక్క లైను, ముప్పై ఎనిమిదో లైన్లో తప్పుందని. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. మేనకోడలికి తల కొట్టేసినట్టయింది.

“సాయంత్రం ఐదింటికి తేల్చేద్దాం,” అంది మేడమ్. “బ్రాకెట్లా, ఎండిఫా, ఒక్కటే ఉండాలి. చేతులెత్తండి, ఎటు ఎక్కువైతే అటు. పడిపోయే పద్ధతి మాత్రం నాకొద్దు.”

బ్రాకెట్లు గెలిస్తే నలభై పేజీలూ మళ్లీ రాయాలి. అది ఒక ఎత్తు. పెద్దావిడ ముందు పేజీ పడగొట్టిన అమ్మాయన్న పేరు ఇంకో ఎత్తు. అది నలభై పేజీలు తిరగరాసినా పోదు.

పేజీ ఎందుకు పడిందో మేనకోడలు మధ్యాహ్నానికే కనిపెట్టింది. ఎల్స్‌ఇఫ్ అన్న మాటని ఎండిఫ్ పద్ధతిలో కలిపే రాయాలి. బ్రాకెట్ల పద్ధతిలో అయితే కలిపినా విడదీసినా పట్టించుకోదు, ఇక్కడ మాత్రం మధ్యలో ఒక్క ఖాళీ ఉన్నా పేజీ మొత్తం మొరాయిస్తుంది. ముప్పై ఎనిమిదో లైన్లో ఎవరో ఆ ఖాళీ పెట్టారు. తను పెట్టలేదు, ఎప్పుడూ పెట్టదు. ఎవరో నేరుగా సర్వర్‌లోకి వెళ్లి దిద్దారు గనక పేరు ఎక్కడా పడలేదు. సర్వర్ పాస్‌వర్డేమో పసుపు కాగితం మీద రాసి గోడకి అంటించి ఉంది, ఆఫీసులో ఉన్న ఏడుగురిలో ఎవరైనా కావచ్చు. ఈ మాట వంకలాయనకి చెబితే ఆయన గడ్డం గోక్కుని, “నువ్వు పెట్టలేదంటే నేను నమ్ముతానమ్మా, మేడమ్ నమ్మొద్దూ?” అన్నాడు. మామయ్య అప్పుడక్కడ లేడు. పెద్దావిడకి సర్ది చెబుతూ బస్సు దాకా సాగనంపడానికి వెళ్లాడు. వచ్చిన దగ్గర్నించీ బ్రాకెట్ల తరఫున ప్రచారమే.

“పెద్ద విషయమేం కాదులే,” అని మొదలుపెట్టాడిప్పుడు మామయ్య. ఆయన ఏ కథైనా ఈ మాటతోనే మొదలవుతుంది. “ఒకసారి ఒక ఆస్పత్రి సైట్లో ఒకే ఒక్క బ్రాకెట్ తప్పిపోయింది. నన్ను పిలిచారు. వెళ్లాను, పెట్టాను, వచ్చాను. అంతే.”

“అంతేనా?” అన్నాడు వంకలాయన.

“అంతే అంటే అంతే ఎలా అవుతుందయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు ముందేమైందో తెలుసా? జ్వరం అయితే ఈ డాక్టరు, పన్నునొప్పి అయితే ఆ డాక్టరు, కాన్పు అయితే ఇంకో డాక్టరు అని వరసగా షరతులు రాసి ఉంటాయి కదా, మధ్యలో ఒక బ్రాకెట్ ఎగిరిపోయేసరికి షరతులన్నీ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. పన్ను నొప్పని వచ్చిన పెద్దమనిషిని తీసుకెళ్లి కాన్పుల వార్డులో పడుకోబెట్టారు. ఆయన ‘నాకు పన్నండీ పన్ను’ అని మొత్తుకుంటుంటే నర్సమ్మ ‘మొదటిసారి అందరూ అలాగే భయపడతారు, ఊపిరి గట్టిగా పీల్చండి’ అంటుంది. కంప్యూటర్లో అలా ఉంది మరి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?”

టీ కొట్టు పిన్ని వడగట్టే గుడ్డ చేత్తో పట్టుకునే నవ్వేసింది. “పాపం, ఏం పుట్టిందన్నయ్యా?”

“పుట్టేలోపు నేను వెళ్లాను కదా చెల్లెమ్మా! వెళ్లేసరికి అక్కడ పదిమంది ఇంజనీర్లు, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు, చేతులెత్తేసి కూర్చున్నారు. రెండు వేల లైన్ల ఫైలు. నేను కూర్చోలేదు కూడా. నిలబడి, ఇలా ఒకసారి పైనుంచి కిందికి చూశాను. వెయ్యిన్నొక్క లైను దగ్గర నా కన్ను ఆగిపోయింది.”

“పోయిన నెల చెప్పినప్పుడు ఎనిమిది వందల లైన్ల ఫైలన్నారు,” అన్నాడు వంకలాయన.

“అది ముందు పేజీ సంగతి. నువ్వు మధ్యలో అడ్డం రాకు. ఆ ఫైల్లో ఎల్స్‌లో ఇఫ్, ఆ ఇఫ్‌లో ఇంకో ఇఫ్, దాని కడుపులో మరో ఇఫ్, ఒక్కో ఇఫ్‌కీ లైను నాలుగు అక్షరాలు కుడివైపు జరుగుతుందా, జరిగి జరిగి స్క్రీను దాటిపోయింది. పక్కన ఇంకో మానిటర్ పెట్టించాను. అదీ దాటింది. మూడోది పెట్టించాను. మానిటర్లు అయిపోయాయి, గోడ మీద రాయమన్నాను. గోడ అయిపోయింది, కిటికీ తెరవమన్నాను.”

“కిటికీ ఎందుకు?”

“లైను బయటికి వెళ్లాలి కదయ్యా! ఎదురు బిల్డింగ్‌లో ఒక కుట్టుపనివాడు ఉంటే ఆయన్ని బతిమాలి ఆయన గోడ మీద మిగతాది రాయించాను. ఆ చివరి ఇఫ్ ఎక్కడుందో చూడ్డానికి నేను రోడ్డు దాటి వెళ్లాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెరిచిన బ్రాకెట్లన్నీ మూయాలి. ఎన్ని? నాలుగు వందల పన్నెండు. కొట్టడం మొదలుపెట్టాను. తొంభై దగ్గర కీబోర్డు మీద బ్రాకెట్ మీట అరిగిపోయింది. ఇంకో కీబోర్డు తెమ్మన్నాను, అదీ అరిగింది. ఊళ్లో ఉన్న కీబోర్డులన్నీ తెప్పించారు. ఆ వారం ఊరంతా ఎవరింట్లో చూసినా బ్రాకెట్ మీట ఉండాల్సిన చోట బోసి చిగురే!”

ఆయన లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. పక్క బల్ల మీద ఎవరో ఇద్దరు అటు తిరిగి కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు. మేనకోడలికి గడియారం మీంచి చూపు తిరగడం లేదు. నాలుగున్నర దాటింది. ఈ కోతలకి నవ్వుకుంటూ వెళ్లి అందరూ బ్రాకెట్లకే చెయ్యెత్తుతారు, తన పేజీలు బుట్టదాఖలవుతాయి. ఒక్క మాట అనాలంటే నోరు రావడం లేదు. ఈ ఉద్యోగం గురించి చెప్పింది ఆయనే, రోజూ స్కూటరు మీద తీసుకొచ్చేదీ ఆయనే.

“అసలు కిటుకు అది కాదు,” అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. కిటుకు అనగానే అందరూ ముందుకి వంగారు. “బ్రాకెట్లు ఎవడైనా మూస్తాడు. సర్వర్ వేడెక్కిపోయింది. పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఎందుకూ? ఆ రాసినవాడెవడో ఎల్స్‌నీ ఇఫ్‌నీ కలిపేసి రాశాడు. గాలాడొద్దూ? నేనేం చేశాను, ప్రతి ఎల్స్‌కీ ఇఫ్‌కీ మధ్య ఒక్క ఖాళీ కొట్టాను. అది నా చేతి అలవాటు. నా సంతకం అనుకోండి. ఎవరైనా పేజీ తెరిచి ఆ ఖాళీ చూశారంటే ‘ఓహో, ఇక్కడ ఆయన చెయ్యి పడింది’ అని లేచి నిలబడతారు.”

మేనకోడలి చేతిలో గ్లాసు ఆగిపోయింది.

ఆమె వంకలాయన వైపు చూసింది. వంకలాయన అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఆయన కనుబొమ్మలు నుదుటి మీదికి వెళ్లిపోయాయి. ఏదో అనబోతుంటే ఆమె కళ్లతోనే వద్దంది. ఇంత సేపూ దిగని టీ ఒక్క గుక్కలో తాగేసింది.

“ఆ తర్వాత ఏమైంది మామయ్యా?” అంది.

మామయ్య ఆశ్చర్యపోయాడు. మేనకోడలు ఆయన కథలో ఇంతవరకూ ఎప్పుడూ ఆ మాట అడిగి ఎరగదు. ఆ ఆనందానికి ఆయనకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

“అడిగావా అమ్మడూ! విను మరి. ఖాళీ పెట్టగానే చల్లగాలి కొట్టింది. సర్వర్ గదిలో కాగితాలు ఎగిరాయి. ఇంకాస్త పెద్ద ఖాళీ పెట్టాను, పదిమంది ఇంజనీర్లకీ చొక్కాలు ఆరిపోయాయి. ఇంకా పెద్దది పెట్టాను. మర్నాడు వెళ్లి చూద్దును కదా, ఎల్స్‌కీ ఇఫ్‌కీ మధ్య పావురం గూడు పెట్టింది!”

“పావురమే!” అంది పిన్ని.

“పావురం, రెండు గుడ్లు. మేనేజరు వచ్చి ‘అయ్యా, ఈ ఖాళీ తీసేయమంటారా’ అన్నాడు. ‘పిల్లలు ఎగిరేదాకా ఒక్క అక్షరం కదిలిందంటే ఊరుకోను’ అన్నాను. ఆ సైటు అప్పట్నించీ ఒక్కసారి పడలేదు. ఆ పావురం పిల్లలు పెద్దయి పక్క ఊరి సైట్లకి వెళ్లాయి. ఇప్పుడు ఎక్కడ ఏ సైటు చల్లగా నడుస్తున్నా అది నా పావురాల వంశమే. ఆస్పత్రివాళ్లు నా ఖాళీకి చట్రం కట్టించి గోడకి తగిలించుకున్నారు. వెళ్లి చూడండి, చట్రంలో ఏమీ ఉండదు. అదే!”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మేనకోడలు నవ్వలేదు. నెమ్మదిగా అడిగింది.

“ఇప్పటికీ అలాగే పెడుతున్నావా మామయ్యా, ఆ ఖాళీ?”

“ఇప్పటికీ ఏమిటే! నేను మర్చిపోయినా నా బొటనవేలు మర్చిపోదు. అంతెందుకు, ఇవాళ పొద్దున నువ్వింకా మెట్లెక్కి పైకి రాకముందే, ఆ పెద్దావిడ వస్తుంది కదా, మన పిల్ల పేజీ ఎలా ఉందో చూద్దామని నేరుగా సర్వర్‌లో తెరిచాను. అంతా ముచ్చటగా ఉంది. ఎండిఫ్ అయితే అయింది, ముచ్చటగానే ఉంది, లేదనను. ఒక్కచోట ఎల్స్‌ఇఫ్ ఊపిరాడనట్టు అతుక్కుపోయి కనిపించింది. ఆవిడ ముందు నీకు మాట రాకూడదని, ఒక్క ఖాళీ కొట్టి…”

“నడిపి చూశావా?”

“ఖాళీకి నడిపి చూసేదేముందే?”

ఆమె ఫోన్ తీసి, పొద్దున తీసిన ఫొటో తెరిచి ఆయన ముందు పెట్టింది. తెల్లటి పేజీ. పైన ఒక్క లైను.

“ముప్పై ఎనిమిదో లైను మామయ్యా. ఎండిఫ్ పద్ధతిలో ఎల్స్‌ఇఫ్ కలిపే ఉండాలి. ఖాళీ పెడితే పేజీ చచ్చిపోతుంది. నీ పావురం సంగతి నాకు తెలీదు గానీ, పొద్దున ఆ ఖాళీలోంచి ఎగిరిపోయింది మాత్రం నా పేజీ. నేను పెట్టలేదంటే ఎవరు నమ్ముతారు? పొద్దుట్నించీ అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఏడుపొస్తోంది మామయ్యా, తెలుసా?”

పిన్ని స్టవ్ తగ్గించింది. మామయ్య ఫోన్ చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, రెండు వేల లైన్లలో వెయ్యిన్నొక్కటో లైను నిలబడి చూసినాయన, ఆ ఒక్క లైనునే చాలాసేపు చదివాడు. తర్వాత బెంచీ మీద కూలబడ్డాడు. చల్లారిపోయిన టీ గ్లాసు తనే వెతుక్కుని తీసుకుని చేత్తో పట్టుకున్నాడు.

“నీకు మాట రాకూడదనే చేశానే,” అన్నాడు.

“తెలుసు మామయ్యా.”

“బ్రాకెట్లలో అయితే ఏమీ అవ్వదు.”

“బ్రాకెట్లలో అవ్వదు. ఇది బ్రాకెట్లు కాదు.”

ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన మీసం ఒక పక్క కొంచెం కదిలింది. వంకలాయన అది గమనించి, “వస్తోంది, కథ వస్తోంది,” అన్నాడు.

“ఒక్క మాట,” అన్నాడు మామయ్య. “సైట్లు పడగొట్టేవాళ్లు పేజీలకి పేజీలు రాసి పడగొడతారు. ఒక్క అక్షరం కూడా రాయకుండా, ఉత్త ఖాళీతో పడగొట్టినవాడు నేను కాక ఇంకెవడైనా ఉన్నాడా ఈ లోకంలో?”

“ఆ మాటే పైకొచ్చి మేడమ్‌తో చెప్పు మామయ్యా,” అంది మేనకోడలు.

మామయ్య నాలుక కరుచుకున్నాడు. కానీ లేచాడు. మెట్లెక్కుతూ సగంలో ఆగి వెనక్కి తిరిగాడు. “పావురం గురించి చెప్పనా?”

“పావురం వద్దు.”

ఐదింటికి మేడమ్ గదిలో ఏడుగురూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. మేడమ్ ఇంకా నోరు తెరవకముందే మామయ్య ముందుకొచ్చాడు. “పొద్దున పేజీ పడగొట్టింది నేనండీ. అమ్మాయి తప్పేం లేదు,” అన్నాడు. తర్వాత ఏమైందో తెలుసా అంటాడేమోనని అందరూ ఎదురుచూశారు. అనలేదు. మేనకోడలు ఆయన కథలెన్నో వింది గానీ, వాటిలో ఏదీ ఇంత పొట్టిగా లేదు, ఏదీ విని ఆమెకి కళ్లు చెమర్చలేదు.

ఎండిఫ్‌కి ఏడు చేతులు లేచాయి. అన్నిటికన్నా పైకి లేచింది మామయ్య చెయ్యి. గోడ మీది పసుపు కాగితాన్ని మేడమ్ తనే చింపి బుట్టలో పడేసింది. గ్రంథాలయం పెద్దావిడకి ఫోన్ చేసి, “ఆ అమ్మాయి పేజీలు బాగానే ఉన్నాయండీ, పొరపాటు మాదే, రేపొచ్చి చూడండి,” అని మేనకోడలి ఎదురుగానే చెప్పింది. ఆపైన మార్కర్ మామయ్య చేతికిచ్చి, “మీ చేత్తోనే రాయండి, ఎవరూ మర్చిపోకుండా. ఎల్స్‌ఇఫ్ కలిపి రాయాలని,” అంది.

మామయ్య బోర్డు దగ్గరికి వెళ్లి, ఒళ్లు దగ్గర పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాసి, పక్కకి తప్పుకున్నాడు.

*ఎల్స్  ఇఫ్ ఎప్పుడూ కలిపే రాయవలెను.*

మేడమ్ కళ్లు చిట్లించి చూసింది. “ఆ మధ్యలో ఖాళీ ఏమిటండీ?”

“పావురానికండీ,” అన్నాడు వంకలాయన.